ఏడో నంబరు

చొక్కా జేబుల్లో ఏముంటాదో
నాకు తెలిసినంత పెండ్లాలకు తెలీదు.
బస్సు టికెట్లు, సగం మందుబిళ్ల,
ఒకసారి ఎవరిదో పాలపన్ను, పేపర్లో చుట్టి.
ఎవురిది వాళ్లకిస్తా. చదవను.
చదువు అంతగా రాదు కూడా.

అనంతపురంలో నీళ్లట్యాంకు పార్కు గేటుకాడ
కానుగచెట్టు కింద నా ఇస్త్రీబండి.
ఇరవై రెండేండ్లు.
తెల్లారి ఐదుకు నేను బొగ్గులు రాజేసేది,
వాకింగోళ్లు నా పొగను తిట్టుకుంటా తిరిగేది
ఒకే టయానికి.

పార్కంటే ఏందో అనుకునేరు.
గొలుసు తెగిన ఉయ్యాల.
నీళ్లు రాని ఫౌంటెన్లో పిల్లి ఈనింది.
మోటరు కాలిపోయి మూడేండ్లు.
అయినా ఎండాకాలం పొద్దు గుంకే యాళకు
ఊరంతా పెనం మాదిరి కాలుతాంటే
ఈడ మాత్రం గాలి కొంచెం ఆరి వస్తాది,
అమ్మ ముద్దను ఊది పెట్టినట్టు.

మునిసిపాలిటీ ఏఈ సారు తెల్లచొక్కాలో
ఆ మంగళారం నాలుగు మడతల కాగితం.
పార్కు బొమ్మ. గేటును బట్టి గుర్తుపట్టినా.
లోపలంతా చిన్న చిన్న గళ్లు.
లెక్కబెట్టినా, నలభై రెండు.
ఉయ్యాల లేదు. కానుగ లేదు.
పక్కన శనక్కాయలు వేయించే తిప్పక్కకు చూపిస్తే
"గళ్లు కాదురా ఓబులేసూ,
అంగళ్లు" అన్నది.

కాగితాన్ని ఎట్లుండేదట్లే మడిచి జేబులో పెట్టినా.
మాటను మడవడం చాతగాలేదు.

సాయంత్రానికే డ్రాయింగు సారు మహబూబ్ పీరా వచ్చినాడు,
రిటైరై ఎనిమిదేండ్లు, వేళ్లకు ఇంకా రంగు పోలేదు.
చెట్టు చెట్టుకూ సున్నంతో నంబరేసినాడు.
నూటా పదకొండు. ఎండినవి కూడా వదల్లేదు,
"వానొస్తే ఏమైతాదో నీకేం తెలుసు" అని.
మూడో రోడ్డు ఆడోళ్లు బిందెలు మోసినారు.
లారీ షెడ్డు మస్తాన్ ఉయ్యాలకు గొలుసు తెచ్చినాడు,
టైర్లకు కట్టేది, ఏనుగునైనా ఊపుతాది.
అందరూ రాలేదులే.
"అంగళ్లొస్తే మన ఇండ్ల రేటు పెరుగుతాది కదప్పా"
అని బట్టల శెట్టి గేటు బయటే నిలబడినాడు.

ఆదివారం అర్జీ. మూడు వందల సంతకాలు.
పిల్లోళ్లు బిందె కుదిపి పై కాగితం తడిపినారు.
"ఓబులేసూ, ఒక్క రుద్దు రుద్దియ్యి,
రేపు కమిషనరుకు ఇయ్యాల."

ఊరకే ఉండలేక తిప్పక్క మనవరాలు జోషిత
బండి అంచు పట్టుకుని చదివింది.
పార్కును పార్కుగానే ఉంచవలెను.
మోటరు వేయించవలెను.
ఆడవారికి మరుగుదొడ్డి... ఇది ఆరు.
ఏడు. గేటు వద్ద ఆక్రమణలు తొలగించవలెను.
"అవ్వా, ఆక్రమణలంటే ఏంది?"

తిప్పక్క గరిట ఆపింది.
శనక్కాయలు మాడుతున్నాయి.
"మనమే" అన్నది.

నేనేం మాట్లాడలేదు.
పెట్టెలో నిప్పు బాగుంది.
కాగితం మీద మెల్లగా పోనిచ్చినా,
ఒకటి, రెండు, మూడు,
ఏడుకాడ చెయ్యి కొంచెం నిలిచింది.
అంతే. ఒక్క ఊపిరి.

కమురు వాసనకు సారు వచ్చినాడు.
కాగితాన్ని చూసినాడు. పెట్టెను చూసినాడు.
చల్లారిన పెనం ముందు తిప్పక్కను చూసినాడు.
బండపైన కూర్చుని మళ్లీ మొత్తం రాసినాడు.
ఆరు తర్వాత ఎనిమిది.
"సార్, ఏడు మర్చిపోయినారు" అన్నాడొక వాకింగాయన.
"లెక్కల్లో నేను వీకప్పా,
డ్రాయింగు మాస్టర్ని."

కడాన నా వేలుముద్ర.
సిరాడబ్బీ ముందుకు జరిపితే వద్దన్నా,
బొగ్గుంది కదా.

ఇంకా ఏం తేలలేదు. ఫైలు పైకి పోయిందంటారు,
పైనంటే యాడో ఎవరికీ తెలీదు.
మోటరైతే వచ్చింది, దినం మార్చి దినం తిరుగుతాది.
ఏఈ సారు చొక్కాలు ఇప్పటికీ నాకాడికే.
నిన్న జేబు తడిమితే కాగితం లేదు,
వాడిన కానుగపువ్వొకటి.
మూటలో రాలిందో, ఆయనే ఏరుకున్నాడో.
ఎవురిది వాళ్లకిస్తా కదా,
ఇస్త్రీ చేసి
మళ్లీ జేబులోనే వేసినా.